బిల్ ఇవాన్స్ ఎడమచేయి ఎవరి దగ్గర నేర్చుకుంది?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికన్ జాజ్ పియానిస్టు బిల్ ఇవాన్స్ మీద వచ్చిన వ్యాసం చదివాం. తెలుగు పత్రికలో జాజ్‌కి ఒక పూర్తి పేజీ దొరకడమే అరుదు, ఆ మేరకు సంతోషం. కానీ ఆయన మీద ప్రభావం చూపినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి బడ్ పవెల్, నాట్ కింగ్ కోల్, లెనీ ట్రిస్టానో, జార్జ్ షేరింగ్ అని నలుగురు పియానిస్టుల పేర్లు అష్టోత్తరం చదివినట్టు చదివేసి వ్యాసం ముందుకెళ్లిపోయింది. ఆ నలుగురి దగ్గరా ఇవాన్స్ ఏం తీసుకున్నాడు? తీసుకున్నదాన్ని ఏం చేసుకున్నాడు? ఒక్క ముక్క లేదు. పైగా పక్కనున్న బాక్సులో "జాజ్ పియానోలో ఎడమచేయి తాళం వేస్తుంది, కుడిచేయి పాడుతుంది, మిగతాదంతా అప్పటికప్పుడు పుట్టేదే" అని అచ్చయింది.

ఈ మాట 1930 నాటి పియానిస్టుకైతే చాలావరకు నప్పుతుంది. ఇవాన్స్‌కి అసలు నప్పదు. ఆయన ఎడమచేయి తాళం వెయ్యదు, జాజ్‌లో ఎడమచేయి ఆ పని మానేసి అప్పటికే పదిహేనేళ్లయింది. ఎందుకు మానేసింది, ఎవరు మాన్పించారు అన్నదే ఈ ప్రభావాల కథలో అసలు భాగం. అది పేర్లు చెబితే తెలియదు, వేళ్లు చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైంది. స్థలం లేకపోతే ఎక్కడ కత్తిరించినా సరే, కింద వచ్చే రెండు పేరాల్ని మాత్రం ఉంచమని మనవి.

కీబోర్డు దగ్గరుంటే చదువుతూ నొక్కి చూడండి. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి. ఈ మూడు కార్డ్‌ల వరసను జాజ్ వాళ్లు రెండు-ఐదు-ఒకటి అంటారు, సి స్కేలులో డి రెండోది, జి ఐదోది కాబట్టి. ఏ పాత అమెరికన్ పాట తీసినా ఈ వరస ఎక్కడో ఒకచోట తగులుతుంది. దీన్ని బడ్ పవెల్ పద్ధతిలో ఎడమచేత్తో వాయించాలంటే రెండేసి స్వరాలు చాలు. మిడిల్ సి (కీబోర్డు నడుమనున్న సి) మీద బొటనవేలు, దానికి దిగువనున్న డి మీద చిటికెనవేలు పెట్టండి. రూట్, సెవెంత్. రూట్ అంటే కార్డ్‌కి పేరిచ్చిన స్వరం, సెవెంత్ అంటే దాన్నుంచి లెక్కపెడితే ఏడోది, మిగతావీ ఇదే లెక్క. తర్వాత మధ్యవేలు జి మీదికి, బొటనవేలు సి నుంచి పక్కనే ఉన్న బి మీదికి. రూట్, థర్డ్. మూడోదానికి చిటికెనవేలు కింది సి మీదికి పోతుంది, బొటనవేలు బి మీదే ఉండిపోతుంది. ఈ రెండు స్వరాల ముక్కల్ని షెల్ అంటారు, గుల్ల అన్నమాట. లోపలి గుజ్జంతా తీసేసిన కార్డ్. మూడు కార్డ్‌లలోనూ బొటనవేలు కదిలింది ఒక్కసారే, ఒక్క మెట్టే. సి ని షడ్జమం అనుకుంటే, షడ్జమం నుంచి కిందనున్న కాకలి నిషాదానికి దిగింది.

ఇప్పుడు ఇవాన్స్. చిటికెనవేలు మిడిల్ సి కి దిగువనున్న ఎఫ్ మీద, మధ్యవేలు ఎ మీద, చూపుడువేలు మిడిల్ సి మీద, బొటనవేలు పైనున్న ఇ మీద పెట్టండి. డి మైనర్ కార్డ్‌లో డి లేనేలేదు, గమనించండి. ఉన్నవి థర్డ్, ఫిఫ్త్, సెవెంత్, నైన్త్. ఇక చూపుడువేలు ఒక్కదాన్ని సి నుంచి బి కి జరపండి. మిగతా మూడు వేళ్లూ ఉన్నచోటే ఉంటాయి. జి సెవెన్ వచ్చేసింది, అందులో జి లేకుండానే. ఎఫ్ సెవెంత్ అయింది, ఎ నైన్త్ అయింది, బి థర్డ్, ఇ థర్టీన్త్. సి మేజర్‌కి చిటికెనవేలు ఎఫ్ నుంచి ఇ కి, మధ్యవేలు ఎ నుంచి జి కి, బొటనవేలు ఇ నుంచి డి కి దిగుతాయి. చూపుడువేలు బి మీదే ఆగి ఉంటుంది. పవెల్ బొటనవేలు ఏ పని చేసిందో ఇవాన్స్ చూపుడువేలు అచ్చంగా అదే పని చేసింది. అదే సి, అదే బి. పవెల్ అడుగున వాయించిన రూట్‌ని ఇవాన్స్ తీసేశాడు, తీసేసిన చోట పైన రెండు రంగులు వేశాడు, నడుమనున్న ఆ ఒక్క మెట్టు దిగుడుని మాత్రం ముట్టుకోలేదు. ఇవాన్స్ మీద పవెల్ ప్రభావం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేం మొదట చూపించేది ఈ ఒక్క వేలి కదలికనే.

ఇక్కడ నేర్చుకునేవాళ్లు బోర్లాపడే చోటు ఒకటుంది. ఎఫ్, ఎ, సి, ఇ అనే ఆ నాలుగు స్వరాలూ కలిస్తే నిజానికి ఎఫ్ మేజర్ సెవెన్. కింద ఎవరైనా డి మోగిస్తేనే అది డి మైనర్ అవుతుంది. ఇవాన్స్ పక్కన స్కాట్ లఫారో బేస్ (అడుగు స్వరాలు మీటే పెద్ద తీగల వాయిద్యం) మీద ఉన్నాడు, ఆ పని అతను చూసుకునేవాడు. అతను కూడా ప్రతి బారు (కొన్ని బీట్ల ఆవృత్తం) మొదట్లోనూ బుద్ధిగా రూట్ మీటే రకం కాదు, ఇవాన్స్‌తో పోటీగా పాడుతూ ఉండేవాడు. కొన్నిచోట్ల ఇద్దరూ రూట్‌ని వదిలేస్తారు, పాట తెలిసిన చెవి దాన్ని తనంతట తాను పూరించుకుంటుంది. మన పిల్లలు పుస్తకంలో ఈ కార్డ్‌లు చూసి ఒంటరిగా కూర్చుని వాయించి, ఇదేమిటి పాట ఎటో పోతోందని వాపోతారు. పోదా మరి! బేస్ లేనప్పుడు పవెల్ గుల్లలు వాయించుకోవాలి, లేదా కుడిచేత్తో ఈ నాలుగు స్వరాలూ పట్టుకుని ఎడమచేత్తో రూట్ వెయ్యాలి. ఇంకో పొరపాటు, బొటనవేలి బరువు. ఎడమచేతి కార్డ్‌లో పైస్వరం బొటనవేలిది, అది సహజంగానే బలమైన వేలు కాబట్టి ఇ స్వరం కుడిచేతి పాట మీద పడి అరుస్తుంది. ఆ వేలిని కావాలని తేలిక చేసుకోవాలి, నాలుగు స్వరాలూ ఒకే మందంలో ఉండాలి.

అయితే రూట్ లేని ఈ కార్డ్‌ల్ని ఇవాన్స్ కనిపెట్టాడని మీ వ్యాసంలో ఉన్నట్టుగా రాయడం సరికాదు. 1950ల్లో ఆహ్మద్ జమాల్, రెడ్ గార్లాండ్, వింటన్ కెల్లీ కూడా వీటిని వాడుతున్నారు. ఇవాన్స్ చేసింది వీటిని ఒకదాని నుంచి మరొకదానికి అతి తక్కువ కదలికతో జార్చడం, లోపలి స్వరాలు వాటంతట అవే ఒక పాటలా వినపడేట్టు చెయ్యడం. డెబుస్సీ, రావెల్ లాంటి ఫ్రెంచి స్వరకర్తల్ని చిన్నప్పటి నుంచీ పియానో మీద చదువుకున్న చేయి అది.

ఇక వెనక్కి వెళ్దాం, ఎడమచేయి నిజంగానే తాళం వేసిన రోజులకి.

న్యూయార్క్ హార్లెమ్‌లో 1920ల నాటి బాణీ పేరు స్ట్రైడ్. జేమ్స్ పి. జాన్సన్, విల్లీ ద లయన్ స్మిత్, వాళ్ల తర్వాత ఫ్యాట్స్ వాలర్. నాలుగు బీట్ల బారులో ఒకటి, మూడు మీద ఎడమచేయి అడుగున ఒక బేస్ స్వరం మోగిస్తుంది, రెండు, నాలుగు మీద ఎగిరి మధ్యలో ఒక కార్డ్ పడుతుంది. సి కార్డ్ అయితే మిడిల్ సి కి రెండు స్థాయిల కిందున్న సి, ఆ వెంటనే మిడిల్ సి చుట్టుపక్కల ఇ, జి, ఎ, మళ్లీ అడుగున జి, మళ్లీ కార్డ్. డోలు, బేస్, గిటారు మూడు ఉద్యోగాలూ ఒక్క చెయ్యే చేస్తుంది. ఇందులో తప్పు జరిగేది దూకేటప్పుడు. చేయి కార్డ్ మీద ఉన్న సుఖంలో ఇంకాస్త ఆగిపోతుంది, బేస్‌కి ఆలస్యంగా దిగుతుంది, దిగిన కంగారులో తర్వాతి బీటు తొందరపడుతుంది. మందు ఒక్కటే. మెట్రోనోమ్ (బీట్లు లెక్కపెట్టే యంత్రం) 60 మీద పెట్టుకుని, కుడిచేయి ఒళ్లో పెట్టుకుని, స్వరం మోగించిన మరుక్షణం చేతిని తర్వాతి చోటికి చేర్చి అక్కడ కాచుకుని ఉండాలి. చూడకుండా. ఇంకా, కార్డ్ కన్నా బేస్ స్వరం గట్టిగా ఉండాలి. తొంభై పాళ్లు దీనికి తలకిందులుగా వాయిస్తారు, దాంతో వినేవాడికి బ్యాండుమేళంలో తాళాలు మాత్రమే వినపడ్డట్టు ఉంటుంది.

ఇక్కడ కూడా మన సి, బి ఉన్నాయి. డి మైనర్ సెవెన్‌కి రెండో బీటు మీద పడే కార్డ్ ఎ, సి, ఎఫ్ అనుకోండి, జి సెవెన్‌కి జి, బి, ఎఫ్. సి నుంచి బి కి దిగుతోంది. కాకపోతే అటూ ఇటూ అంత దూకుడు నడుస్తున్నప్పుడు ఆ ఒక్క మెట్టుని ఎవరు వింటారు? పవెల్ దూకుడంతా తీసేశాక అది బయటపడింది.

జాన్సన్ రాసిన 'కెరోలినా షౌట్' ఆ రోజుల్లో పియానిస్టులకి పరీక్షపత్రం. పియానో రోల్‌గా మొదట 1918లో వచ్చింది, గ్రామఫోన్ రికార్డు 1921లో. పియానో రోల్ అంటే చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట. ప్లేయర్ పియానోలో పెట్టి కాళ్లతో తొక్కితే గాలి ఒత్తిడికి మెట్లు వాటంతట అవే దిగుతాయి. డ్యూక్ ఎల్లింగ్టన్ ఆ రోల్‌ని నెమ్మదిగా తిప్పి, దిగుతున్న మెట్ల మీద వేళ్లు పెట్టి నేర్చుకున్నాడు. వాలర్ నేర్చుకున్నదీ అలాగే. గురువు ఎదురుగా లేకుండా గురువు వేళ్లు కనపడటం అన్నది సంగీతంలో అదే మొదటిసారి కాబోలు.

ఇప్పుడు ఫోన్‌లో వేగం సగానికి తగ్గించి నేర్చుకుంటున్న పిల్లలు చేసేదీ ఇంచుమించు ఇదే. దీంట్లో ఒక గోతి ఉంది. జాజ్‌లో ఒక బీటులోని రెండు స్వరాలు సమానంగా ఉండవు, మొదటిది పొడుగు, రెండోది పొట్టి. పాట నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ తేడా దాదాపు రెండింతలు. వేగం పెరిగేకొద్దీ తేడా తరుగుతుంది, నిమిషానికి 250 బీట్లు దాటాక దాదాపు సమానమైపోతుంది. వేగపు రికార్డును సగానికి తగ్గిస్తే ఆ సమానమైన స్వరాలే నెమ్మదిగా వినిపిస్తాయి. కానీ పిల్లవాడి చేయి మాత్రం ఆ నెమ్మది వేగానికి అలవాటైన ఊపు దానికి తగిలిస్తుంది. తర్వాత వేగం పెంచితే గుర్రపు డెక్కల చప్పుడు. విన్నది తప్పు కాదు, వేళ్లు తమకు తెలిసిన దాన్ని కలిపేశాయి. అందుకే సగం దాకా వద్దు, ముప్పావు వేగం కన్నా కిందికి తగ్గించొద్దని చెబుతాం. అంతకన్నా నెమ్మదిగా వినవలసి వస్తే అది స్వరాలు పట్టుకోవడానికే, లయ పట్టుకోవడానికి కాదు.

స్ట్రైడ్ వాయించేవాళ్లకి ఇంకో ఆయుధం టెన్త్. బేస్ దగ్గర ఒంటి స్వరం బదులు సి తో పాటు ఆ పై స్థాయిలోని ఇ ని కూడా పట్టుకోవడం. పియానో తెల్లమెట్టు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. ఈ రెండు మెట్ల నడిమి నుంచి నడిమికి 21 సెంటీమీటర్లు. వాలర్ చేతులు పెద్దవి, అవలీలగా అందేది. డి నుంచి ఎఫ్ షార్ప్, ఇ నుంచి జి షార్ప్ లాంటివైతే పెద్ద చేతులకీ కష్టమే. అందనివాళ్లు కింది స్వరాన్ని బీటుకి రవ్వంత ముందు తాకి, పెడల్‌తో దాన్ని పట్టుకుని, పైస్వరాన్ని సరిగ్గా బీటు మీద వెయ్యాలి. తిరగేసి, కిందిది బీటు మీదా పైది ఆలస్యంగానూ వేస్తే పాట కుంటుతుంది. అందని టెన్త్‌ని బలవంతాన సాగదీసి మణికట్టు నొప్పి తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అది అక్కర్లేదు. బెన్నీ గుడ్‌మన్ ట్రయోలో (ముగ్గురి బృందంలో) 1935 నుంచి వాయించిన టెడ్డీ విల్సన్ ఈ టెన్త్‌లని గెంతులు లేకుండా మెట్టుమెట్టుగా నడిపించాడు. స్ట్రైడ్‌లోని కుదుపు తగ్గి నడక మొదలైంది ఆయన దగ్గరే.

ఆర్ట్ టేటమ్ గురించి ఒక్క మాట. ఒహాయోలోని టొలీడో ఊరు, చూపు దాదాపు లేదు. వాలర్ బాణీలోనే పెరిగి 1933లో తొలి సోలో రికార్డులు చేశాడు. వాటిలో ఒకదాన్ని మాంట్రియల్‌లో ఒక తండ్రి తన కొడుక్కి వినిపిస్తే, ఆ కుర్రాడు వాయిస్తున్నది ఒక్కరే అంటే నమ్మలేదు, నమ్మాక కొన్నాళ్లు పియానో ముట్టలేదు. ఆ కుర్రాడు ఆస్కార్ పీటర్సన్. ప్రభావం అంటే ఎప్పుడూ చేయిపట్టి నడిపించడమే కానక్కర్లేదు, కొన్నాళ్లు చేయి కట్టెయ్యడం కూడా. పీటర్సన్‌కి శాస్త్రీయ పియానో నేర్పిన పాల్ డి మార్కీ, హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ శిష్యుడికి శిష్యుడు.

మరి తాళం ఎవరు మాన్పించారు? 1940ల నడుమ న్యూయార్క్‌లో బీబాప్ అనే కొత్త జాజ్ బాణీ వచ్చాక పాటల వేగం బాగా పెరిగింది. బీటు బీటుకీ స్వరం వెయ్యడం బేస్ వాయిద్యం పని అయింది. కెన్నీ క్లార్క్ లాంటి డ్రమ్మర్లు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము మీది తాళాన్ని పైనున్న సింబల్ మీదికి మార్చారు. ఇక పియానిస్టు ఎడమచేయి కూడా అదే పని చేస్తే ముగ్గురు ఒకే మాట చెప్పినట్టు ఉంటుంది, బురదగానూ ఉంటుంది. మిడిల్ సి కి ఒక స్థాయి కిందికి దిగాక దగ్గర దగ్గర స్వరాలు కలిపి మోగిస్తే వాటి ఉపస్వరాలు ఒకదానికొకటి రాసుకుని గొణుగుతాయి, బేస్ ఏం వాయిస్తోందో వినపడదు. పవెల్ గుల్లలు అందుకే పుట్టాయి. ఆయన కుడిచేయి చార్లీ పార్కర్ శాక్సఫోన్ లాగా ఊపిరి తీసుకునే చోట ఆగుతుంది, ఎడమచేయి ఆ సందులో ఒక గుల్ల పడేస్తుంది, తరచుగా రెండో బీటుకూ మూడో బీటుకూ నడుమ, లేదా నాలుగు దాటాక. నేర్చుకునేవాళ్లు ప్రతి బారు మొదటి బీటు మీదా ఒకటి వేస్తారు. స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, హాజరు పట్టీ పిలుస్తున్నట్టు ఉంటుంది. 1951లో మాక్స్ రోచ్ డ్రమ్స్‌తో చేసిన 'అన్ పోకో లోకో' వింటే పవెల్ ఎంత తక్కువ వేస్తాడో తెలుస్తుంది. నెమ్మది పాటల్లో ఆయన మీద టేటమ్ నీడ మళ్లీ తొంగిచూస్తుంది. చేతకాక వదిలేసిన చేయి కాదది.

పవెల్‌కి పెద్దన్నలాంటి థెలోనియస్ మంక్ మాత్రం స్ట్రైడ్‌ని పూర్తిగా వదల్లేదు. ఆయన పెరిగిన న్యూయార్క్ పేటలోనే జేమ్స్ పి. జాన్సన్ కాపురం. ఒంటరిగా వాయించిన రికార్డుల్లో మంక్ ఎడమచేయి జాన్సన్ నడకే నడుస్తుంది, మధ్యలో ఆగి, పక్కపక్కనున్న రెండు మెట్లు కలిపి నొక్కి మళ్లీ నడుస్తుంది.

మీ జాబితాలో రెండోవాడు నాట్ కింగ్ కోల్. గాయకుడిగానే తెలిసిన మనవాళ్లకి ఈయన పేరు ఇక్కడెందుకొచ్చిందో అర్థం కాదు, వ్యాసంలోనూ చెప్పలేదు. 1937 నుంచి కోల్ నడిపిన ట్రయోలో పియానో, గిటారు, బేస్ మాత్రమే, డ్రమ్స్ లేవు. డ్రమ్స్ లేనప్పుడు గట్టిగా కొడితే చెవికి తగులుతుంది, నొక్కు తేలికైపోతుంది, ప్రతి స్వరం గుండ్రంగా వస్తుంది. ఇవాన్స్ తీసుకున్నది ఆ నొక్కు. పీటర్సన్ తీసుకున్నది ఆ ముగ్గురి పొందిక, 1950ల్లో హెర్బ్ ఎల్లిస్ గిటారు, రే బ్రౌన్ బేస్‌తో. కోల్ తాను తీసుకున్నది చికాగోలో తాను వింటూ పెరిగిన ఎర్ల్ హైన్స్ దగ్గర. హైన్స్ కుడిచేత్తో పాటను ఆక్టేవ్‌లలో (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి), ట్రంపెట్ ఊదినట్టు వాయించేవాడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో 1928లో చేసిన 'వెదర్ బర్డ్'లో అది స్పష్టం. హైన్స్ చికాగో చేరేనాటికి అక్కడ పేరున్న ఇంకో పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్. ఆయన 1926లో ఓడెక్కి షాంఘై వెళ్లాడు, తర్వాత బొంబాయి తాజ్ హోటల్లో, కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించాడు, 1945లో కలకత్తాలోనే కలరాతో పోయాడు. ఇవాన్స్ వంశవృక్షంలోని ఒక కొమ్మ మన దేశంలో రాలిందన్నమాట. మీ వ్యాసకర్త దీన్ని వదిలేశారే అని మాకు కాస్త బాధ.

షేరింగ్ దగ్గర తీసుకున్నది రెండు చేతులూ తాళంకప్ప వేసి బిగించినట్టు కలిసి కదిలే పద్ధతి, లాక్డ్ హ్యాండ్స్ అంటారు. లయొనెల్ హాంప్టన్ బ్యాండులో మిల్ట్ బక్నర్ దీన్ని మొదలెట్టాడు, లండన్ నుంచి వచ్చిన షేరింగ్ 1949లో ప్రజల్లోకి తెచ్చాడు. కుడిచేతి చిటికెనవేలు పాట వాయిస్తుంది. ఎడమచేయి అదే పాటని సరిగ్గా ఒక స్థాయి కింద వాయిస్తుంది. ఆ రెంటి నడుమ మూడు స్వరాలు కుడిచేతి మిగతా వేళ్లవి. పాటలో సి, ఇ, జి, ఎ వచ్చినప్పుడల్లా సి సిక్స్ కార్డ్, నడిమి స్వరాలైన డి, ఎఫ్, ఎ ఫ్లాట్, బి వచ్చినప్పుడల్లా బి డిమినిష్డ్. ఒకటి విడిచి ఒకటి. పవెల్ పద్ధతిని దశాబ్దాలపాటు నేర్పిన డిట్రాయిట్ పియానిస్టు బ్యారీ హారిస్ ఈ ఎనిమిది స్వరాల నిచ్చెన మీదే తన పాఠమంతా కట్టాడు. చెడేది ఎక్కడంటే, ఐదు స్వరాలూ సమానంగా గుద్దితే పాట వినపడదు. పెడల్ తొక్కి ఉంచితే కార్డ్ మీద కార్డ్ అలుక్కుపోతుంది. చిటికెనవేలు గట్టిగా, ఎడమచేయి దానికి నీడలా, నడిమివి ఉన్నాయా లేవా అన్నట్టు ఉండాలి. పెడల్ మీద కాలు తీసెయ్యాలి.

ట్రిస్టానో దగ్గర తీసుకున్నది పొడుగు. బారు ఎక్కడ ముగుస్తుందో పట్టించుకోకుండా, సమానమైన స్వరాలతో, ఎనిమిది పది బార్లు ఒకే వాక్యంగా అల్లడం.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, మన బి కథ అక్కడే ఆగుతుంది. 1959లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ చేసిన 'సో వాట్' పాటలో డి మైనర్ 16 బార్లు, ఇ ఫ్లాట్ మైనర్ 8, మళ్లీ డి మైనర్ 8. అంతే. జి సెవెన్ లేదు, కాబట్టి సి బి కి దిగవలసిన పనే లేదు. పియానో మీద ఉన్న ఇవాన్స్ అక్కడ ఐదు స్వరాల కార్డ్ వేశాడు, డి, జి, సి, ఎఫ్ ఒకదాని మీద ఒకటి ఫోర్త్‌లు (ఒక్కోటీ కిందిదాన్నుంచి లెక్కపెడితే నాలుగో స్వరం), పైన ఎ. ఆ ఫోర్త్‌లని పట్టుకుని ఒక లోకమే కట్టినవాడు మెకాయ్ టైనర్, 1960 నుంచి 65 దాకా శాక్సఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ క్వార్టెట్‌లో (నలుగురి బృందంలో). టైనర్ ఫిలడెల్ఫియా కుర్రాడు, ఇంట్లో పియానో వాళ్లమ్మ నడిపే బ్యూటీ షాపులో ఉండేది. ఆ పేటలోకి కాపురం వచ్చిన బడ్ పవెల్ ఉండేది ఆ దగ్గర్లోనే. అంత దగ్గర్నుంచి పవెల్‌ని విన్నవాడు కూడా గుల్లలు వదిలేసి, అడుగున డి, ఎ ఒక్క దెబ్బ కొట్టి, చేతిని పైకి ఎగరేసి డి-జి-సి, ఇ-ఎ-డి అని ఫోర్త్‌లు కదుపుతాడు. అది స్ట్రైడ్ దూకుడే, ముప్పై ఏళ్ల తర్వాత వేరే బట్టలు కట్టుకుని వచ్చింది. ఇప్పటి కుర్రాళ్లు ఫోర్త్‌లు మాత్రం నేర్చుకుని అడుగు దెబ్బ వదిలేస్తారు. నేల లేని మేడ అవుతుంది.

"అప్పటికప్పుడు పుట్టేదే" అన్న మాటకి జవాబు ఇవాన్సే చెప్పాడు. 1966లో సంగీత అధ్యాపకుడైన తన అన్న హ్యారీతో కలిసి ఒక చిత్రంలో పియానో ముందు కూర్చుని మాట్లాడాడు. నేర్చుకునేవాళ్లు మొత్తం ఫలితాన్ని ఉజ్జాయింపుగా వాయించెయ్యాలని చూస్తారని, దాని బదులు చిన్న ముక్క తీసుకుని, అది ఎంత సాదాగా ఉన్నా సరే, పూర్తిగా నిజంగా వాయించి దాని మీద తర్వాతిది కట్టాలని ఆయన వాదన. ఆ చిన్న ముక్క ఏదని పాఠకులు అడిగితే, పైన చెప్పిన నాలుగు వేళ్లే. సి మేజర్ దగ్గర ఆగకుండా ఇ ని ఇ ఫ్లాట్‌కి, బి ని బి ఫ్లాట్‌కి దించండి, అది సి మైనర్. అక్కడ మళ్లీ చూపుడువేలు బి ఫ్లాట్ నుంచి ఎ కి, ఎఫ్ సెవెన్. ఇలా రెండేసి అరస్వరాలు దిగుతూ పోతే ఆరు శ్రుతులు అయిపోతాయి, ఒక అరస్వరం పక్కన మొదలెడితే మిగతా ఆరు. మూడో శ్రుతికి వచ్చేసరికి బి ఫ్లాట్ మైనర్‌కి చిటికెనవేలు డి ఫ్లాట్ దాకా దిగిపోయి గొణుగుడు మొదలవుతుంది. అక్కడ కార్డ్‌ని తిరగేసి ఎ ఫ్లాట్, సి, డి ఫ్లాట్, ఎఫ్ పట్టుకోవాలి. ఈసారి ఒక్క మెట్టు దిగేది చూపుడువేలు కాదు, అడుగునున్న చిటికెనవేలు. పన్నెండింటినీ చుట్టిరావడానికి కొత్తవాళ్లకి రోజుకి పావుగంట చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. తొందరేమీ లేదు.

మన దగ్గర దీనికి పెద్ద శత్రువు కీబోర్డు మీది ట్రాన్స్‌పోజ్ బటన్. గాయని శ్రుతి మార్చమనగానే బటన్ నొక్కి అదే సి లో వాయించేస్తాం. కచేరీ గండం గడుస్తుంది, కానీ చేతికి ఒకే శ్రుతి తెలిసి మిగతా పదకొండూ తెలియకుండా ఏళ్లు గడిచిపోతాయి. ఇంకోటి, మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 61 మెట్ల కీబోర్డులు మిడిల్ సి కి రెండు స్థాయిల కిందే ఆగిపోతాయి. వాలర్ బేస్ స్వరాలు కొన్ని వాటిలో లేనేలేవు. స్ట్రైడ్‌కి 88 మెట్లు కావాలి. పవెల్ గుల్లలకీ ఇవాన్స్ కార్డ్‌లకీ 61 ఎక్కువే, కాకపోతే నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారే రకం అయి ఉండాలి, లేకపోతే బొటనవేలు తేలిక చేసినా ఫలితం వినపడదు. వాయిద్యం లోపమే బాణీ అయిన సందర్భమూ ఉంది. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో పియానిస్టు కీత్ జారెట్‌కి దొరికిన చిన్న పియానోలో పైస్వరాలు పలచన, బేస్ నీరసం. ఆయన మధ్య భాగాన్నే పట్టుకుని, ఎడమచేత్తో ఒకే చిన్న వరసని తిప్పి తిప్పి వాయిస్తూ గంటకు పైగా కచేరీ నడిపాడు.

చివరగా ఒక సవరణ. వ్యాసంలో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ఇవాన్స్, లఫారో చేసిన రికార్డింగు జూలైలో జరిగినట్టు పడింది. అది 1961 జూన్ 25, ఆదివారం. జూలై 6 లఫారో కారు ప్రమాదంలో చనిపోయిన తేదీ, అప్పటికి రికార్డింగు అయి పదకొండు రోజులు, అతనికి 25 ఏళ్లు. రెండు తేదీలూ కలిసిపోయినట్టున్నాయి. వచ్చే ఆదివారం సరిచేసి వేస్తారని ఆశిస్తున్నాం. వీలైతే పక్కనే కీబోర్డు బొమ్మ ఒకటి వేసి ఎఫ్, ఎ, సి, ఇ మీద చుక్కలు పెట్టండి.

ఇట్లు,
పియానో నేర్పే ఇద్దరు పాఠకులు,
సికింద్రాబాద్